పడనమ్మ అన్న మాట

అనగనగా ఒక ఊరు. ఎంత అనగనగా అంటే, సముద్రం అప్పటికింకా ఊరికి కూతవేటు దూరంలో ఉండేదట. ఇసక ఇప్పటికన్నా తెల్లగా ఉండేదట. చుక్కలు ఇప్పటికన్నా కాస్త కిందికి ఉండేవట. ఆ ఊరి పేరు గవ్వలపేట.

గవ్వలపేటలో అందరూ వేటకి పోయేవాళ్ళే. వలలో చేప పడితే పొయ్యి వెలిగేది. పడకపోతే వెలిగేది కాదు. అందుకని ఆ ఊళ్ళో ఒక మాట ఎవరూ అనేవారు కాదు. "పడదు" అనే మాట.

చేప పడదు అనకూడదు. వల పడదు అనకూడదు. ఆఖరికి వాన పడదు అని కూడా అనకూడదు. ఖాళీ వలతో తిరిగొస్తే "గంగమ్మ తల్లి నవ్వింది" అనుకునేవారు. ఇద్దరు తోడికోడళ్ళకి పొసగకపోతే లోకమంతా "వాళ్ళకి పడదు" అంటుంది కదా. గవ్వలపేటలో మాత్రం "వాళ్ళిద్దరివీ వేరే వేరే పడవలు" అనేవారు. ఎవరైనా ఒడ్డున కాలు జారి పడితే చూడాలి, చుట్టూ ఉన్నవాళ్ళకి ఒకటే సంబరం. "పడ్డాడర్రా, పడ్డాడు!" అని వాడి వీపు తట్టేవారు. "నా మోకాలు పగిలిందిరా!" అని వాడు మొత్తుకున్నా వినేవారు కాదు.

నవ్వొస్తుంది. కానీ ఆ మాట వల్లే ఒక ప్రాణం పోయింది. వినండి మరి.

సముద్రానికి ఎగువన, కొండల కింద, రాగుల్ని చోళ్ళనే చోట, చోడి చేలున్న ఊళ్ళో తౌడమ్మ అనే పిల్ల ఉండేది. ఆమెకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే చేటెడు తౌడుకి పక్కింటివాళ్ళకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ కొనుక్కున్నారు. తౌడుకి కొన్న పిల్ల కాబట్టి తౌడమ్మ. అంత చవక పిల్ల మీద మృత్యువు కన్ను వేయదని వాళ్ళ ఆశ.

తౌడమ్మ చిన్నప్పుడు ఎవరో చుట్టాలు సముద్రం వైపు నుంచి ఎండురొయ్యలు తెచ్చారు. పిల్ల పిడికెడు తింది. కాసేపటికి చేతుల మీద దద్దుర్లు లేచాయి. ఎర్రగా, ఉబ్బుగా, ఒకదానికొకటి కలిసిపోయి. గోక్కున్నకొద్దీ దురద. గోక్కున్నచోటల్లా గీతలు గీతలుగా పొంగింది.

వాళ్ళ మామ్మ చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏం తిన్నావు? ఏం తాకావు? ఏం కుట్టింది?"

ఏమీ కుట్టలేదు. కొత్తగా తాకిందీ లేదు. తిన్నది ఆ ఎండురొయ్యలే. మామ్మ పిల్లని నీడలో కూర్చోబెట్టింది. బిగుతు రవిక విప్పి పాత మెత్తటి గుడ్డ చుట్టింది. చన్నీళ్ళలో ముంచిన బట్ట చేతుల మీద వేసింది. గోక్కోకుండా రెండు చేతులూ తన చేతుల్లో పెట్టుకుంది. పొద్దు వాలేసరికి దద్దుర్లు, వచ్చినట్టే పోయాయి.

"రొయ్య నీకు పడదే తల్లీ," అంది మామ్మ. "ఇంక జన్మలో ముట్టుకోకు."

చోడి చేల ఊళ్ళో ఆ మాట మామూలు మాట. ఒకరికి వంకాయ పడదు. ఒకరికి ఎండ పడదు. ఒకరికి బావగారి మాటతీరు పడదు. ఎవరూ ఉలిక్కిపడరు.

తౌడమ్మ పెద్దదయింది. సంతలో ఆకుకూర అమ్మేది. అదే సంతకి గవ్వలపేట నుంచి కొర్లయ్య అనే కుర్రాడు ఎండుచేప తట్టలతో వచ్చేవాడు. ఆకుకూర మీద నీళ్ళు చిలకరిస్తున్న తౌడమ్మని చూశాక వాడికి చేప ధర చెప్పడం రాకుండా పోయింది. వచ్చినవాళ్ళు వాళ్ళే ఒక ధర చెప్పి, వాళ్ళే ఇచ్చి, వాళ్ళే పట్టుకుపోయేవారు. ఆమె వాడి తట్టల దగ్గరికి రాకుండా చుట్టుతిరిగి పోయేది. అది సిగ్గనుకున్నాడు. ఆ సిగ్గుకే మనసు ఇచ్చేశాడు.

తరవాత తరవాత ఆమె చెప్పింది, సిగ్గు కాదని, రొయ్య తనకి పడదని. ఆ మాట వినగానే కొర్లయ్య చటుక్కున చుట్టూ చూశాడు. కానీ అక్కడ సముద్రం లేదు. చోడి చేల మీద గాలి మాత్రం ఉంది.

"మా ఇంట్లో నీకు ఆకుకూరే వండుకుందువుగాని. ఎవరు కాదంటారు?" అన్నాడు.

ఆ మాట మా ఒడ్డున అనకూడదు సుమా అని చెప్పాలి. చెబుదామనే అనుకున్నాడు. ఆ రోజు ఆమె తల్లో బంతిపువ్వు పెట్టుకుంది. వాడు మర్చిపోయాడు. ప్రేమించినవాళ్ళు మర్చిపోయేది అసలైన సంగతినే.

పెళ్ళయింది. కోడలు గవ్వలపేట వచ్చింది. మామగారు లేడు. అత్తగారు అసిరమ్మ. గట్టి మనిషి. ఆమె పెనిమిటి ఖాళీ వలలతో విసిగి, గాలివాన రోజున వేటకి వెళ్ళి మరి రాలేదు. అందుకని ఆ మాటంటే ఊళ్ళో అందరికన్నా ఆమెకే భయం.

గవ్వలపేటకి ఏడాదికో పండగ ఉంది. తొలివల పండగ. ఆ ఏడు మొదటి వలలో వచ్చిన రొయ్యల్ని గంగమ్మ తల్లి ముందు పెద్ద కుండలో వండుతారు. రొయ్యలు ఒడ్డున ఇచ్చేసి మగవాళ్ళు మళ్ళీ పడవలెక్కి కెరటాలవతలికి పోతారు. ఒడ్డున ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ఆ కూర తింటారు. కొత్త కోడళ్ళకి అత్తలు తమ చేత్తో తినిపిస్తారు. పాలపన్ను ఊడిన పిల్లలకి బతుకులో మొదటి రొయ్య ఆ రోజే పెడతారు. దాన్ని తొలిముద్ద అంటారు. అందాకా పిల్లల నోటికి రొయ్య తగలనివ్వరు. తొలివల కూర కాదన్నవాళ్ళ పడవ తిరిగిరాదని నమ్మకం.

డప్పులు మోగుతున్నాయి. అసిరమ్మ ముద్ద చేసి కోడలి నోటి దగ్గర పెట్టింది. అందరూ చూస్తున్నారు. తౌడమ్మ తల పక్కకి తిప్పుకుంది. మర్యాదగానే, మెల్లగానే చెప్పింది.

"నాకు పడదు అత్తా."

డప్పు ఆగిపోయింది.

"ఏటన్నావు?" అంది అసిరమ్మ.

అత్తకి వినపడలేదేమో అనుకుంది పాపం. గట్టిగా చెప్పింది. "పడదు అత్తా. నాకు పడదు."

"ఓలమ్మో! మగోళ్ళు నీళ్ళ మీద ఉన్నారే! నోరు మూసుకోవే!" అని అసిరమ్మ ఆ ముద్ద కోడలి నోట్లో కుక్కింది. పక్కావిడ గడ్డం పట్టుకుంది. మింగేదాకా వదల్లేదు.

కాసేపటికే లేచాయి దద్దుర్లు. చిన్నప్పటిలా చేతులకే కాదు. మెడ, వీపు, పొట్ట. కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. పెదవి అరటిపువ్వు డొప్పలా వాచింది.

"ఇది గంగమ్మ దెబ్బ. ఆ మాట అన్నందుకు తల్లి కొట్టింది," అంది ఒకామె.

"కాదు, అమ్మోరు పోసింది. వేపాకు కట్టండి," అంది ఇంకొకామె.

"మునగచెట్టు కింద నిలబడిందా ఏటి? గొంగళిపురుగు పాకింది," అంది మూడో ఆమె.

ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. గొంగడి కప్పి పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. ఆ గొంగడితోనే రుద్దారు. వేడికి, గరుకుకి ఒళ్ళు ఇంకా మండింది. తౌడమ్మ నోరు తిరగక, నీళ్ళు, నీళ్ళు అని చేత్తో చూపించింది. పడవ దిగి వచ్చిన కొర్లయ్య గొంగడి లాగేశాడు. తన తలపాగా చన్నీళ్ళలో తడిపి ఒంటి మీద పరిచాడు. విసురుతూ కూర్చున్నాడు. ఆమె ఊపిరి కీచుమన్నప్పుడల్లా తల ఎత్తి పట్టుకున్నాడు. ఆమె అదృష్టం, తెల్లారేసరికి వాపు తీసింది.

కొర్లయ్య ఏడ్చాడు. "నేను చెప్పలేదే నీకు. నేనే చెప్పలేదు."

"చెప్తే మాత్రం ఏం చేద్దును మావా? ఇంకేం మాటనాలి?" అంది తౌడమ్మ. అప్పుడే ఆమెకి ఒక సంగతి తెలిసిపోయింది. మొదటిసారి కన్నా రెండోసారి ఎక్కువ వచ్చింది. మూడోసారి ఇంతకన్నా ఎక్కువ వస్తుంది.

ఆ వారమంతా పడవలు ఖాళీగా వచ్చాయి. గాలి మారిందని ముసలివాళ్ళకి తెలుసు. అయినా ఊరు గాలిని ఏమీ అనలేదు. కోడలినే అంది.

ఊరి పొలిమేరలో మొగలి పొదలుండేవి. ఆ పొదల దాకా ఒడ్డు. ఆ పొదలు దాటితే ఒడ్డు కాదు. తౌడమ్మకి పొదలవతల ఒక పాక వేశారు. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. అక్కడే ఆడపిల్లని కంది. ముత్యాలు అని పేరు పెట్టుకుంది. పిల్ల పాలు మానగానే అసిరమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. "బిడ్డ ఒడ్డుది," అంది. వెనక్కి చూడలేదు.

ఊళ్ళో తౌడమ్మని "ఆ మాటావిడ" అనేవారు. పొదలు దాటాక మాత్రం, అక్కడ ఒడ్డు లేదు కదా, "పడనమ్మా" అని పిలిచేవారు. వెక్కిరింతకి పెట్టిన పేరు. ఆమె పలికేది.

ఎవరు పిలిచేవారంటారా? అందరూ. గవ్వలపేటలో ఒళ్ళు వాచినవాళ్ళు, దురదతో నిద్ర లేనివాళ్ళు, ఒడ్డున నోరు విప్పలేనివాళ్ళు, చాటుగా పొదలు దాటి వచ్చేవారు. ఎవరొచ్చినా ఆమె తన మామ్మ అడిగిన మాటలే అడిగేది.

"ఏం తిన్నావు? ఏం తాకావు? ఏం కుట్టింది?"

ఆమె దగ్గర మందేమీ లేదు. మంత్రం అంతకన్నా లేదు. మునగచెట్టు కింద పురుగు పాకినామెకి గుడ్డ మార్పించి, నూగు పోయేలా నీళ్ళు పోసేది. ఎండలో చెమట పట్టగానే దద్దుర్లు లేచేవాడికి నీడ చూపించేది. దారిన పోయే పసరు వైద్యుడి మాత్ర మింగి వాచినవాడికి "ఇంకొకటి మింగకు" అని చెప్పేది. ఎంత అడిగినా కారణం దొరకనివాళ్ళూ ఉండేవారు. "తెలీదు నాయనా, ఒక్కోసారి అదే వస్తుంది, అదే పోతుంది," అని వాళ్ళతో ఊరికే కూర్చునేది. అందరికీ తడిగుడ్డ. అందరికీ వదులు బట్ట. అందరికీ, గోక్కోకు అన్న మాట.

ఒకసారి ఒక పెద్దమనిషి పొదలు దాటి వచ్చి, అటూ ఇటూ చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని అన్నాడు. "పడదు!"

"ఏది మావా? రొయ్యా, పీతా?"

"మా ఆవిడ."

"దానికి తడిగుడ్డ పనికిరాదు మావా," అంది తౌడమ్మ.

"తెలుసులే అమ్మీ. ఒక్కసారి పైకి అనాలనిపించి వచ్చాను," అని అతను తేలికపడి వెళ్ళిపోయాడు.

కొర్లయ్య వేట లేని పూటల్లా వచ్చేవాడు. ఇద్దరూ పాక ముందు కూర్చునేవారు. సముద్రం కనబడేది కాదు. వినబడేది. వాడు ముత్యాలు ఏం మాట్లాడిందో చెప్పేవాడు. ఎలా నవ్విందో నవ్వి చూపించేవాడు. అసిరమ్మ కన్నుగప్పి పిల్ల కూడా అప్పుడప్పుడు పరిగెత్తుకొచ్చేది.

ఒకరోజు అలాగే వచ్చింది.

"అమ్మా, చీమలు కుట్టాయే."

తౌడమ్మ చూసింది. పిల్ల ముంజేతుల చుట్టూ ఎర్రటి దద్దుర్లు. గాజులు వేసినట్టు ఉన్నాయి.

"ఏం తిన్నావు?"

"గంజి."

"ఏం కుట్టింది?"

"చీమ అనుకున్నాను. చీమ కనబళ్ళేదు."

"ఏం తాకావు?"

"మామ్మ రొయ్యలు ఒలిచింది. పొట్టు నేను పారబోశాను." ఆ మాట చెబుతూనే పిల్ల నోరు తెరిచి నవ్వింది. "అమ్మా, ఇటు చూడు. పన్ను ఊగుతోంది! ఈ ఏడు తొలిముద్ద నాకు కూడా!"

తౌడమ్మ ఆ చేతుల మీద తడిగుడ్డ వేసింది. గుడ్డ కన్నా ముందు ఆమె చేతులే చల్లబడిపోయాయి. తాకితేనే ఇలా ఉంటే, తింటే?

తొలివల పండగ దగ్గరికొచ్చింది. తౌడమ్మ మూడుసార్లు మొరపెట్టుకుంది.

మొదట అత్తతో. పొదల దగ్గర నిలబడి చేతులు జోడించింది. "అత్తా, పిల్ల ఒంటికి నా ఒళ్ళే వచ్చింది. దానికి రొయ్య పెట్టకు."

"నీ రోగం నా మనవరాలికి అంటగట్టకే," అంది అసిరమ్మ. "దాని తాత సముద్రంలో ఉన్నాడు. దాని నాన్న సముద్రం మీద ఉన్నాడు. అది తినకపోతే ఎవరి పడవ మునగాలి?"

రెండోసారి ఊరిపెద్దతో. దానయ్య అని, మంచివాడే. పొదలకి ఇవతల, ఒడ్డు వైపున కూర్చుని వల అల్లుతున్నాడు. తౌడమ్మ పొదల అవతలి నుంచే పిలిచింది.

"చెప్పమ్మా. కానీ ఆ మాట అనకుండా చెప్పు. ఇది ఒడ్డు," అన్నాడు.

తౌడమ్మ ఆలోచించింది. "పిల్లకి రొయ్య సరిపోదు పెద్దయ్యా."

"సరిపోకపోతే ఇంకో గరిటె వేయిస్తానే."

"అది కాదు. దాని ఒళ్ళు ఒప్పదు."

"ఒప్పించడానికి అదేమన్నా పెళ్ళిచూపులా?"

"కుదరదు పెద్దయ్యా. దానికి కుదరదు!"

"కుదురుగా కూర్చోబెట్టే తినిపిస్తారులే. బెంగెట్టుకోకు."

ఉన్న ఒక్క మాటా అనకూడదు. మిగతా మాటలన్నీ ఆ ముసలాయన చేతిలో వల కన్నాల్లోంచి నీళ్ళు జారినట్టు జారిపోయాయి.

మూడోసారి మొగుడితో. "నువ్వు చెప్పు మావా. నువ్వు చెప్తే వింటారు."

కొర్లయ్య తల్లికి చెప్పాడు. పెళ్ళాం నేర్పిన మాట అంది ఆమె. పండగ రోజున ఒడ్డున ఉండిపోతానన్నాడు. ఉంటే మిగతా పడవలు కదలవన్నారు తోటివాళ్ళు. "పిల్లని ఎత్తుకుని మీ కొండ కిందికి పోవే," అన్నాడు చివరికి. కానీ అప్పటికే పండగ ముందురోజైంది. తొలిముద్ద పిల్లల్ని ఆ రోజే గంగమ్మ పందిట్లో కూర్చోబెడతారు. చుట్టూ ఊరి ఆడవాళ్ళు కూర్చుంటారు. అక్కణ్ణించి ఎవరినీ తీసుకుపోలేరు.

పండగ రోజు వచ్చింది. కుండ దించారు. పడవలు కెరటాలవతలికి వెళ్ళిపోయాయి. డప్పులు మొదలయ్యాయి.

తౌడమ్మ మొగలి పొదలు దాటింది. అన్నేళ్ళ తరవాత ఒడ్డున అడుగుపెట్టింది. ఆపినవాళ్ళని తోసుకుంటూ పరిగెత్తింది. ఆమె పందిరి చేరేసరికే మొదటి ముద్ద ముత్యాలు నోట్లో పడింది.

పిల్ల నమిలింది. మింగింది. నవ్వింది. తరవాత నాలిక గీరుకుంది. మెడ గోక్కుంది. చెంపల మీద ఒక దద్దురు, దాని పక్కన ఇంకొకటి. కింది పెదవి మెల్లగా ఉబ్బడం మొదలుపెట్టింది.

"తల్లి పూనింది!" అని అరిచారెవరో. "గుంటపిల్ల మీదకి గంగమ్మ వచ్చింది! శాంతి చెయ్యండి! ఇంకో ముద్ద పెట్టండి!"

గవ్వలపేట వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. అమ్మ వచ్చిందనుకుని, అమ్మకి ఇష్టమైనదే మళ్ళీ పెట్టబోయారు. అసిరమ్మ రెండో ముద్ద చేసింది.

"పడదు!" అని అరిచింది తౌడమ్మ.

మగవాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు. ఆ మాట వాళ్ళ దాకా పోకూడదని డప్పులు గట్టిగా కొట్టారు.

"దానికి పడదు!"

డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు.

"నా బిడ్డకి పడదు!"

ఆ మూడోసారి డప్పుల హోరులో ఆమె నోరు కదలడమే కనబడింది. మాట ఎవరికీ వినబడలేదు.

ఇద్దరు ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. వినబడని మాట చెప్పడానికి ఇంక ఒకటే దారి ఉంది. తౌడమ్మ వాళ్ళని విదిలించుకుని కుండ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ముంచింది. గుప్పెడు తీసి నోట్లో పెట్టుకుంది. ఇంకో గుప్పెడు. ఇంకో గుప్పెడు.

ఊరు నివ్వెరపోయింది. ముద్ద పట్టుకున్న అసిరమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

తౌడమ్మ పిల్ల పక్కన కూర్చుంది. పిల్ల చెయ్యి తన చెయ్యి పక్కన పెట్టుకుంది. అందరికీ కనబడేలా రెండు చేతులూ చాపింది. చూడండి అన్నట్టు కూర్చుంది.

పెద్ద చేతి మీద ఒక దద్దురు లేచింది. పిల్ల చేతి మీద ఉన్నలాంటిదే. పెద్ద మెడ ఎర్రబడింది. చిన్న మెడ ఎర్రబడినట్టే. పెద్ద పెదవి ఉబ్బింది. చిన్న పెదవి ఉబ్బినట్టే. అసిరమ్మ ఆ చెయ్యి చూసింది. ఈ చెయ్యి చూసింది. ఇంతకు ముందొక తొలివల పండగ నాడు తాను తన చేత్తో కుక్కిన ముద్దకి ఏమయిందో ఆమెకి గుర్తొచ్చింది. ఒకే తల్లి ఒకేసారి ఇద్దరి మీదికీ వస్తుందా? వస్తే, ముద్ద తిన్న మిగతా పిల్లలంతా ఎందుకు బాగున్నారు?

ముద్ద ఇసకలో పడిపోయింది.

"ఆపండర్రా డప్పులు!" అంది అసిరమ్మ.

డప్పులు ఆగాయి. అప్పుడు వినబడింది, తౌడమ్మ ఊపిరి. గాలికి తాటాకు చీలుతున్న చప్పుడులా ఉంది. మాట రావడం లేదు. ఆమె పిల్లని చూపించింది. నీళ్ళు చూపించింది. ముందు పిల్లకి అని సైగ చేసింది.

ముత్యాలు తిన్నదంతా దానంతటదే కక్కేసింది. ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చారు. గట్టి పరికిణీ విప్పారు. పాత చీరలు తడిపి కప్పారు. నీడకి మోసుకుపోయారు. ఒక్క ముద్దే తింది కాబట్టి పిల్ల ఊపిరి మెల్లగా కుదుటపడింది. ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినగానే తౌడమ్మ కళ్ళు మూసుకుంది.

డప్పులు ఆగడం చూసి పడవలు తిరిగొచ్చాయి. కొర్లయ్య నీళ్ళలోకి దూకి పరిగెత్తుకొచ్చాడు. దగ్గరికొచ్చి ఆగిపోయాడు. అప్పటిదాకా రొయ్యలు లాగిన చేతులు. ముట్టుకుంటే ఆమెకి ఇంకెంత బాధో. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఏం చేయాలో తెలీక తల్లి వైపు చూశాడు. అసిరమ్మ లేచి కొడుకు చేతుల మీద చెంబుతో నీళ్ళు పోసింది. చింతపండు పెట్టి తోమింది. ఇసక పెట్టి తోమింది. మళ్ళీ నీళ్ళు పోసింది.

"ఇప్పుడు పట్టుకో నాయనా," అంది.

వాడు పట్టుకున్నాడు. తౌడమ్మకి తెలిసిందో లేదో ఎవరూ చెప్పలేరు. తెలిసిందనే నేను అనుకుంటాను. ఆమె వేళ్ళు వాడి వేళ్ళని ఒకసారి నొక్కాయట. గొంతు పూర్తిగా మూసుకుపోయింది. పొద్దు వాలకముందే ఆమె వెళ్ళిపోయింది.

అప్పుడు అసిరమ్మ సముద్రం వైపు నడిచింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడింది. పెనిమిటిని మింగిన నీళ్ళు అవి. ఆ నీళ్ళ మొహం మీదే అరిచింది.

"పడదు! నా మనవరాలికి పడదు! నా కోడలికి పడదు! పడదని చెప్పింది తల్లీ, నేను విన్లేదు!"

కెరటం వచ్చింది. ఆమె కాళ్ళు తడిపింది. వెళ్ళిపోయింది. అంతే. ఆకాశం విరగలేదు. పడవ మునగలేదు. మర్నాడు చేపలు పడ్డాయా లేదా అని కొందరు అడుగుతారు. ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ సంగతి చెప్పరు.

మొగలి పొదల్ని కొట్టేశారు. పాక ఉన్నచోట ఒక రాయి నిలబెట్టారు. దాన్నే పడనమ్మ అంటారు. వెక్కిరింత పేరే. ఇప్పుడు దండం పెట్టి పిలుస్తారు. ఒంటి మీద దద్దుర్లు లేచినవాళ్ళు అక్కడొక గుడ్డ తడిపి ఆ రాతికి చుడతారు. చోడి అంబలి పోస్తారు. రొయ్య మాత్రం ఆ దరిదాపులకి తీసుకుపోరు. వచ్చినవాళ్ళని అక్కడున్న పెద్దావిడ ఎవరైనా సరే మూడు మాటలూ అడుగుతుంది. తిన్నదా, తాకిందా, కుట్టిందా అని. పెదవి వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి కీచుమన్నా మాత్రం ఏమీ అడగదు. తడిగుడ్డ పట్టుకుని కూర్చోదు. "ఇది పడనమ్మ ప్రాణం తీసిన వాపు, ఆసుపత్రికి పరిగెత్తండి!" అని కేకలు పెడుతుంది. ఆ కేక వింటే ఎవరి బండి ఎదురుగా ఉంటే వాళ్ళు, పగవాడైనా సరే, బండి తీయాల్సిందే.

ఆ ఒడ్డున పెళ్ళిచూపులకి వెళ్ళినవాళ్ళు పిల్ల పేరు అడగరు. పాట అడగరు. "ఏది పడదమ్మా నీకు?" అని అడుగుతారు మొదట. కోడలు ఆ మాట చెప్పాకే మిగతా మాటలు.

తొలివల పండగ ఇప్పటికీ ఉంది. కుండ దించాక ఊరందరిలోకీ పెద్ద అత్తగారు గరిటె పట్టుకుని పిల్లల వరసలోకి వస్తుంది. డప్పులు ఆపేస్తారు. ఆమె ఒక్కో పిల్ల ముందూ వంగి అడుగుతుంది.

"పడుతుందా తల్లీ?"

పిల్ల సిగ్గుపడి తల ఊపితే ఒప్పుకోదు. అమ్మ వంక చూస్తే ఒప్పుకోదు. నోరు తెరిచి, అందరికీ వినబడేలా పిల్లే చెప్పాలి. చెప్పేదాకా గరిటె గాల్లోనే ఉంటుంది.